దుబాసి అక్కర్లేదు

ఆ సోమవారం పొద్దున కొట్టు తీసేసరికి పైపులాయన దగ్గరున్న ఇంగ్లీషు మాటలు రెండొందల పద్దెనిమిది. ఇది ఉజ్జాయింపు లెక్క కాదు. ఒక వానాకాలం మధ్యాహ్నం బేరాల్లేక కూర్చుని, అట్టపెట్టె వెనక పెన్సిలుతో ఒక్కొక్కటే రాసుకున్నాడు. సగానికి పైగా సరుకు పేర్లు: ఎల్బో, టీ, సాకెట్, వాల్వు, వాషరు. తర్వాత ఆ సరుక్కి వచ్చే జబ్బులు: లీకు, బ్లాకు, లూజు, తుప్పుకి రస్టు. అంకెలు, కొలతలు, చుట్టరికాలు నాలుగైదు. మిగిలినవి మర్యాద మాటలు. గుడ్ మార్నింగ్, నో ప్రాబ్లమ్, టుమారో ష్యూర్. ఇంగ్లీషు తప్ప మరొకటి చెల్లని ఆ బజార్లో ఇరవై రెండేళ్ళుగా నీళ్ళ పైపుల కొట్టుని ఈ పెట్టుబడితోనే నెట్టుకొచ్చాడు.

ఆయన వ్యాపారానికి ఒకటే సూత్రం. కొట్లో 'లేదు' అనే మాట వినపడకూడదు. సరుకు లేకపోతే "టుమారో ష్యూర్" అనాలి, సాయంత్రంలోగా ఇంకో కొట్లోంచి తెచ్చయినా ఇవ్వాలి. లేదన్న కొట్టు గుమ్మం రెండోసారి ఎవరూ తొక్కరు.

కొట్టు వెనక భాగంలో, అరలకీ గోడకీ మధ్య, వాళ్ళమ్మ ఎత్తుపీట మీద కూర్చుని ఉంటుంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెం నిండా కలిసిపోయిన రబ్బరు వాషర్లు. పొట్లాలు చిరిగిపోయినవీ, కొన్నవాళ్ళు తిరిగిచ్చినవీ అన్నీ ఆవిడ దగ్గరికే చేరతాయి. కళ్ళకి మసక వచ్చాక ఆవిడ చూపుని నమ్మడం మానేసింది. కుడిచేతి బొటనవేలికీ రెండు వేళ్ళకీ మధ్య వాషరుని ఒక్కసారి నొక్కుతుంది. అరంగుళమా, ముప్పావా, అంగుళమా అన్నది వేళ్ళే చెబుతాయి. టిక్కుమని డబ్బాలో పడుతుంది. ఆ టిక్కు టిక్కు వినపడుతున్నంతసేపూ కొట్టు సజావుగా నడుస్తున్నట్టు లెక్క.

పదకొండింటికి వీధి చివరి ఆస్పత్రి నుంచి ఒకమ్మాయి కాగితాల సంచీతో వచ్చింది. అప్పుడు కొట్లో కాంట్రాక్టరున్నాడు. ఎనభై స్నానాల గదుల కొత్త భవనానికి కుళాయిలు చూసుకుంటున్నాడు. ఒక కుళాయి తలని ఇటూ అటూ తిప్పుతూ బిగువు చూస్తున్నాడు. ఆ అమ్మాయి చెప్పినదాంట్లో పైపులాయనకి దొరికినవి నాలుగు మాటలు: ఫారమ్, ఫ్యామిలీ, లాంగ్వేజ్, ఫ్రైడే. చివర్లో ఒక ప్రశ్న సూటిగా అడిగింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని.

కాంట్రాక్టరు కుళాయి తిప్పడం ఆపి తలెత్తాడు.

"ఇంగ్లీష్," అన్నాడు పైపులాయన. "ఆల్ ఇంగ్లీష్."

సరిగ్గా అప్పుడే అరల వెనక నుంచి గొంతు వినిపించింది. "ఎవర్రా వచ్చింది? ఆడపిల్లలా ఉంది, ఎండన పడి వచ్చుంటుంది, కాసిని మంచినీళ్ళియ్యి!"

ఆ అమ్మాయి అరల వైపు చూసింది. కాంట్రాక్టరూ చూశాడు. పైపులాయనకి చెవులు వేడెక్కాయి.

"రేడియో," అన్నాడు.

కాంట్రాక్టరు నవ్వాడు. ఆ నవ్వు ఏ రకం సరుకో పైపులాయనకి అంతుపట్టలేదు. అమ్మాయి కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వెనక టిక్కు టిక్కు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

సాయంత్రం ఇంట్లో కూతురు ఆ కాగితం ముందేసుకుని కూర్చుంది. పదో తరగతి పిల్ల. ఇంటికొచ్చే కాగితాలన్నీ దాని చేతి మీదుగానే పోతాయి.

"ఇంట్లో మాట్లాడే భాష?" అని చదివింది.

"ఇంగ్లీషని రాయి."

"నాన్నా, ఈ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేది ఫ్రిజ్ మీద అంటించిన స్టిక్కరొక్కటే."

"నువ్వు మాట్లాడవా?"

"బళ్ళో మాట్లాడతాను. ఇక్కడ ఇల్లని రాసుంది."

"చెప్పింది రాయవే. నీకెన్ని వాదనలు!"

కూతురు రాసింది. తర్వాత ఒక్కొక్కరికీ నాలుగేసి గడులు. ఇంగ్లీషు చాలా బాగా వచ్చు, బాగా వచ్చు, అంతగా రాదు, అసలు రాదు.

"అందరికీ మొదటి గడి కొట్టెయ్," అన్నాడాయన.

వంటింట్లోంచి భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "నాకూ వచ్చేసిందా? ఎప్పుడొచ్చిందండీ? చెప్పనేలేదు."

"నాన్నమ్మకి కూడానా?" అంది కూతురు.

"ఒక్కళ్ళకి కొట్టి ఒక్కళ్ళకి కొట్టకపోతే అనుమానం రాదూ? ఈ కాగితాలు ఎక్కడెక్కడికి పోతాయో మనకేం తెలుసు? ఇంట్లో తెలుగని పడిందంటే రేపు బళ్ళో నిన్ను వెనక బల్ల మీద కూర్చోబెడతారు. నా దగ్గర కొనేవాళ్ళు కూడా ఆ ఆస్పత్రికే వెళ్తారు."

ఆఖరి ప్రశ్న మిగిలింది. డాక్టరు దగ్గర మాట చెప్పే మనిషి కావాలా అని. ముసలామె గోడకానుకుని కూర్చున్నదల్లా ముందుకి వంగింది.

"ఆ పిల్లే కదూ, దుబాసమ్మ! మంగళవారం, గురువారం వస్తుంది. మొన్న నా మోకాలి నొప్పి గురించి డాక్టరుతో ఎంత బాగా చెప్పిందనుకున్నావ్! నాకే అంత నొప్పి ఉందని తెలీదు. కావాలని రాయవే."

"అక్కర్లేదని రాయి," అన్నాడు పైపులాయన.

కూతురు కలం ఆపి నాన్నమ్మ వైపు చూసింది.

"రాయవే తల్లీ," అంది ముసలామె వెనక్కి జరుగుతూ. "మీ నాన్న వ్యాపారస్తుడు. ఏది అడిగినా లేదనడు. అయినా రేడియోకి దుబాసెందుకు?"

ఆ మాటకి భార్యా కూతురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పైపులాయన లేచి, ఏ పనీ లేకపోయినా పెరటి కుళాయి బిగించి వచ్చాడు.

ఆ చుట్టుపక్కల తెలుగిళ్ళు ఇంకో పద్నాలుగున్నాయి. కాగితం ఏదొచ్చినా అందరూ పైపులాయన్ని అడిగే చేస్తారు. బట్టలు కుట్టే ఆవిడ అడిగింది, మంగలి అడిగాడు, బస్సు నడిపే అతను అడిగాడు. మంగళవారం కొట్లో నిలబెట్టి అందరికీ ఒకటే చెప్పాడు: ఇంగ్లీషు, చాలా బాగా, దుబాసి అక్కర్లేదు. తన ఒక్క ఇంటి మీదే ఆ మాట ఉంటే మోయలేనంత బరువుగా ఉంది. పద్నాలుగిళ్ళకి పంచేసరికి తేలికైంది.

బుధవారం పొద్దున టిక్కు టిక్కు ఆగిపోయింది. పైపులాయన ఒక పైపు కొలిచి గుర్తు పెడుతున్నాడు. డబ్బా నిండిందేమో, ఇంకో డబ్బా తీసుకుంటోందేమో అనుకుని రంపం వేశాడు. ముక్క తెగి పడ్డాక కూడా వెనక నుంచి చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే పళ్ళెం బోర్లా పడి ఉంది. వాషర్లు నేలంతా దొర్లి ఉన్నాయి. వాళ్ళమ్మ కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరిదో తెచ్చి అక్కడ పెట్టినట్టుంది.

"చెయ్యి పడిపోయిందిరా నాయనా," అంది.

అరగంటకి వేళ్ళు కొంచెం కదిలాయి. నొప్పి లేదంది. నొప్పి లేదంది కాబట్టి పెద్దదేం కాదనుకున్నాడు. కొట్టు సగం తలుపేసి ఆస్పత్రికి నడిపించుకెళ్ళాడు. దారిపొడుగునా నోట్లో ఒక వాక్యం కట్టుకున్నాడు. కొట్టు ఇంగ్లీషులా ఉండకూడదు, పద్ధతిగా ఉండాలి. చెయ్యి అంటే హ్యాండ్. పడిపోవడం అంటే ఫాల్ డౌన్. ఇందులో ఇబ్బందేముంది?

బల్ల దగ్గరామె కంప్యూటర్లో చూసింది. వాళ్ళ కాగితం అప్పటికే ఎక్కించేశారు. ఇంగ్లీషు చాలా బాగా వచ్చని ఉన్న చోట ఆమె మొహం విచ్చుకుంది. ఆ వయసు మనిషికి అంత ఇంగ్లీషు రావడం ముచ్చటేసినట్టుంది. ముసలామె వైపే తిరిగి, నవ్వుతూ ఇంత పొడుగు మాట ఏదో మాట్లాడింది. ముసలామె ఆమె నోటి వైపు చూసింది. తర్వాత కొడుకు మొహం వైపు చూసింది.

ఆ ఒక్క క్షణం ఉంది. దుబాసి కావాలి అనొచ్చు. ఆమె వచ్చే రోజు కాకపోయినా, ఫోను చేస్తే వస్తుంది.

"నో ప్రాబ్లమ్," అన్నాడు పైపులాయన.

డాక్టరు కుర్రవాడు, హడావుడి మనిషి. "మదర్ హ్యాండ్ ఫాల్ డౌన్," అన్నాడు పైపులాయన, కట్టుకొచ్చినదాన్ని ఒలకకుండా దించుతున్నట్టు.

"ఫాల్ డౌన్? ఆన్ హర్ హ్యాండ్?"

పైపులాయన సరిచూసుకున్నాడు. తనిచ్చిన మూడు మాటలూ మళ్ళీ తన చేతికే వచ్చాయి. ఫాల్ ఉంది, డౌన్ ఉంది, హ్యాండ్ ఉంది. సరుకు చేరింది.

"యెస్, యెస్," అన్నాడు.

డాక్టరు మణికట్టు నొక్కాడు. "ఎల్బో?" అని అడిగాడు. పైపులాయన కళ్ళముందు ఒక్కసారి ముప్పావంగుళం ఎల్బో మెరిసింది. డాక్టరు మోచెయ్యి పట్టుకునేసరికి సంగతి తెలిసి గబగబా తలూపాడు. "నొప్పేం లేదు బాబూ, అసలక్కడ చెయ్యే ఉన్నట్టు లేదు," అంది ముసలామె. డాక్టరు కొడుకు వైపు చూశాడు. 'ఉన్నట్టు లేదు' అన్నదానికి ఆయన దగ్గర మాట లేదు. "నో పెయిన్," అన్నాడు. అది మంచి వార్తలాగే పలికింది.

ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. మణికట్టుకి బద్ద పెట్టి కట్టు కట్టారు. రెండు వారాలు కదపొద్దన్నారు.

తిరిగొచ్చే దారిలో ముసలామె ఉత్తరాల డబ్బా దగ్గర ఆగింది.

"కట్టెందుకు కట్టార్రా? నేనెక్కడ పడ్డాను?"

"చెయ్యి పడిపోయిందన్నావుగా."

"చెయ్యి పడిపోయిందన్నానురా. నేను పడ్డానన్నానా?"

అక్కడికక్కడే ఆయనకి అర్థమైంది. ఊళ్ళో ఎవరికైనా చెయ్యీ కాలూ పడిపోయిందంటే దాని అర్థం ఏమిటో చిన్నప్పటి నుంచీ తెలుసు. వెనక్కి తిరిగితే ఆస్పత్రి గేటు కనిపిస్తూనే ఉంది. మూడొందల అడుగులుండొచ్చు. వెనక్కి వెళ్ళాలంటే ఆ బల్ల ముందు నిలబడాలి. నవ్వుతూ పలకరించిన ఆమెకి చెప్పాలి, ఆ కాగితం తప్పని. అప్పుడు ఎవరు రాశారని అడుగుతారు. ఇంకెన్నిళ్ళు రాశాయని అడుగుతారు.

"వేళ్ళు కదులుతున్నాయిగా," అన్నాడు. "రెండ్రోజులు చూద్దాం. డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా?"

"నాకేం తెలుసు నాయనా," అంది ముసలామె, నడక సాగిస్తూ.

గురువారం ఆవిడ ఎడమచేత్తో వాషర్లేరింది. సాయంత్రానికి డబ్బాలన్నీ కలగాపులగం అయ్యాయి. ఒకాయన అరంగుళం వాషరు పట్టుకెళ్ళి, సరిపోవట్లేదని తిరిగొచ్చాడు. పైపులాయన మార్చిచ్చాడు. అమ్మని చూడకుండా ఆ దారినే లోపలికీ బయటికీ తిరగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

శుక్రవారం పొద్దున దుబాసమ్మ కొట్టుకొచ్చింది. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, భుజాన సంచీ. తెలుగువాళ్ళ పిల్లే.

"బాబాయిగారూ, మా కుళాయి కారుతోంది, ఒక వాషరివ్వండి. అలాగే మామ్మగారికి చెప్పిపోదామని వచ్చాను. వచ్చే నెల నుంచి ఈ వైపు రాను."

"ఏం?" అన్నాడాయన, అడక్కపోతే బాగుండదని.

"ఇప్పటిదాకా వచ్చిన ఫారాల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళు రెండే తేలాయట, అవీ బజారుకి అవతల. అందరికీ ఇంగ్లీషొచ్చేసింది. సంతోషమే కదండీ. ఇద్దరి కోసం ఇంతదూరం ఎందుకు పంపుతారు? నన్ను ఇంకో చోటికి మార్చారు." ఆమె గొంతులో వెటకారం లేదు. నిజంగానే అర్థంకాక మాట్లాడుతోంది. "ఏమో, పోయినవారం దాకా నేను చెప్తేగాని మందు పేరు తెలీనివాళ్ళు... సర్లెండి. మామ్మగారేరీ?"

పైపులాయన వాషరు వెతుకుతున్నట్టు డబ్బాలోకి వంగాడు. ఆమె అరల వెనక్కి వెళ్ళింది.

"అయ్యో! ఏమైంది మామ్మగారూ?"

ముసలామె కొడుకున్న వైపు తల తిప్పింది. "పడ్డానమ్మా," అంది.

పైపులాయన చేతిలో వాషరు అలాగే ఉండిపోయింది.

"ఎక్కడ పడ్డారు?"

"ఇక్కడే... ఈ పీట మీదే."

"పీట మీంచి పడ్డారా?"

"లేదమ్మా, కూర్చునే."

దుబాసమ్మ ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది. కట్టులోంచి బయటికున్న వేళ్ళ మధ్య తన రెండు వేళ్ళు పెట్టింది. "గట్టిగా పట్టుకోండి. ఇంకా గట్టిగా. పట్టుకున్నారా?"

"పట్టుకున్నాగా!"

దుబాసమ్మ తన వేళ్ళు పైకి తీసింది. అడ్డేమీ లేకుండా వచ్చేశాయి. ఆమె లేచి అరల సందులోంచి పైపులాయన వైపు చూసింది.

"బాబాయిగారూ, ఇది పడిన చెయ్యి కాదండీ. పడిపోయిన చెయ్యి."

ఈసారి ఆస్పత్రికి దుబాసమ్మ నలభై అడుగులు ముందు నడిచింది, వెనక తల్లిని పట్టుకుని ఆయన. ఆ కుర్ర డాక్టరే ఉన్నాడు. కట్టు విప్పి, ముసలామె అరచేతుల్ని ముందుకి చాపించాడు. కుడిచెయ్యి మెల్లగా కిందికి దిగిపోయింది. డాక్టరు మొహంలో రంగు మారింది. ఫోనందుకుని పెద్దాస్పత్రికి చెప్పాడు, బండి పిలిపించాడు. అప్పుడు బల్ల దగ్గరామెని లోపలికి పిలిచాడు. దుబాసిని ఆ రోజెందుకు పిలవలేదని గట్టిగానే అడిగాడు. ఆమె భయపడి, కాగితం అచ్చు తీసి తెచ్చి చూపించింది. ముసలామె పేరు పక్కన మొదటి గడిలో గుర్తుంది.

అది ఎవరు రాశారని డాక్టరు అడిగాడు. దుబాసమ్మ తెలుగులో అడిగింది.

ముసలామె వెంటనే అంది, "నేనే రాయించానమ్మా. నాకు ఇంగ్లీషొచ్చని గొప్పకి పోయి నేనే రాయమన్నాను. మావాడు వద్దనే అన్నాడు. వాడి తప్పేం లేదని చెప్పు ఆయనకి."

దుబాసమ్మ పని, విన్నది విన్నట్టు చెప్పడం. ఒక్కసారి పైపులాయన్ని చూసి, డాక్టరు వైపు తిరిగి మొదలుపెట్టింది. ఆ ఇంగ్లీషులో 'మదర్' వచ్చింది. 'సన్' వచ్చింది. 'నో' వచ్చింది. ఆయన స్టాకులో ఉన్న మాటలే. ఒక్కొక్కటీ వచ్చి ఎదురుగా నిలబడుతోంది. డాక్టరు ముసలామె వైపు చూసిన చూపులో చిరాకూ ఉంది, జాలీ ఉంది. బల్ల దగ్గరామె తల అడ్డంగా ఊపింది. ముసలామె మాత్రం చక్కగా బేరం కుదిరినట్టు కూర్చుంది.

ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. బండి వస్తుంది, అందరూ లేస్తారు, కాగితం మళ్ళీ పెట్టెలోకి పోతుంది.

"నో," అన్నాడు పైపులాయన.

అందరూ తిరిగారు. పద్ధతి ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తురాలేదు. కొట్టు ఇంగ్లీషే వచ్చింది.

"మదర్ నో. ఐ రైట్. మి. మదర్ ఇంగ్లీష్, నో స్టాక్. మై ఇంగ్లీష్..." బల్ల మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఎవరి ముందూ అనని మాట అది. "మై ఇంగ్లీష్ ఆల్సో నో స్టాక్. ఫోర్టీన్ హౌస్, ఆల్ నో స్టాక్. ఐ టెల్ రాంగ్."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. డాక్టరు తలూపి, ఆ కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాశాడు. ముసలామెకి ఏమీ అర్థంకాలేదు.

"ఏమన్నాడమ్మా మావాడు?" అని అడిగింది.

దుబాసమ్మ విన్నది విన్నట్టే చెప్పింది.

ముసలామె కొంగుతో మొహం తుడుచుకుంది. "వెర్రి నాయన," అంది. "బేరం చెడగొట్టాడు."

పెద్దాస్పత్రిలో నాలుగు రోజులుంచారు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే సన్నటి గొట్టంలో బ్లాకన్నారు. ఆ మాట మాత్రం దుబాసి చెప్పక్కర్లేకుండానే తెలిసింది. బుధవారమే, మొదటి గంటల్లోనే వచ్చుంటే చెయ్యి పూర్తిగా దక్కేదేమో అని అక్కడి డాక్టరు అంటున్నప్పుడు దుబాసమ్మ ఒక్క క్షణం ఆగింది.

"చెప్పమ్మా," అన్నాడు పైపులాయన. "తూకంలో తగ్గించకు."

ఆమె తగ్గించలేదు.

ఫారాలు దిద్దుకోవడానికి ఆస్పత్రివాళ్ళు ఇంకో వారం గడువిచ్చారు. ఆదివారం ఆయన పద్నాలుగిళ్ళకీ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట, "నేను చెప్పింది తప్పు. నాకు ఇంగ్లీషు రాదు. మీకూ రాదు. ఉన్నదున్నట్టు రాయండి." కుట్టే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గుర్తు మార్చింది. బస్సు నడిపే అతను, "మా ఆవిడకి నెలలు నిండుతున్నాయన్నా, ఆ సంగతి నీకు తెలుసు కదా," అని మాత్రం అన్నాడు. మంగలి గుమ్మం కూడా దిగలేదు. "మంగళవారం వచ్చిన ఇంగ్లీషు ఆదివారం పోతుందా అన్నా? నీ దయవల్ల మాకు వచ్చేసిందిలే," అని లోపల పిల్లలకి వినపడేలా నవ్వాడు. పైపులాయన ఆ నవ్వు పూర్తయ్యేదాకా నిలబడి, అప్పుడు మెట్లు దిగాడు.

మరుసటి వారం దిద్దిన ఫారం మీద సంతకం కోసం ఆ ఆస్పత్రి అమ్మాయే కొట్టుకొచ్చింది. కాంట్రాక్టరూ ఉన్నాడు. ఇత్తడి మూతుల కుళాయి అడుగుతున్నాడు.

"నో స్టాక్," అన్నాడు పైపులాయన.

"ఓకే. థర్స్‌డే?" అన్నాడు కాంట్రాక్టరు, గడియారం చూసుకుంటూ. ఆకాశమేం విరిగి పడలేదు.

అరల వెనక నుంచి గొంతు వినిపించింది. "ఎవర్రా వచ్చింది?"

అమ్మాయి తలెత్తింది.

"మై మదర్," అన్నాడు పైపులాయన. "తెలుగు." గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టాడు.

సంతకం చేసే ముందు గడులు చూసుకున్నాడు. అమ్మకి, అసలు రాదు. భార్యకి, అసలు రాదు. తనకి, అంతగా రాదు. కూతురికి, చాలా బాగా. దుబాసి కావాలి.

ఆ సాయంత్రం అట్టపెట్టె ముక్క తీసి లెక్క సరిచూశాడు. పద్నాలుగిళ్ళలో దిద్దుకున్నవి పదకొండు. దుబాసమ్మ మునుపు వారానికి రెండు రోజులొచ్చేది, ఇకనుంచి ఒక్కరోజే. అమ్మ కుడిచేతిలో బొటనవేలు తేరుకుంది. వాషరు కొలిచే రెండు వేళ్ళూ తేరుకోలేదు. కదులుతాయి, పట్టుకుంటాయి, కాని అరంగుళానికీ ముప్పావుకీ తేడా చెప్పలేవు. 'చెయ్యే ఉన్నట్టు లేదు' అని ఆ రోజు అమ్మ అన్నదానికి ఇంగ్లీషు మాట దుబాసమ్మ రెండుసార్లు పలికించి నేర్పింది. రెండొందల పద్దెనిమిది కింద ఆ ఒక్క మాట చేర్చాడు.

నంబ్.